‘అలా జరిగే అవకాశమే లేదు’ అన్న మాట దేవుడి మీదైనా, విజ్ఞానం మీదైనా న్యాయమైన వాదనేనా?

నాగావళి_ఒడ్డు

పోయిన ఆదివారం రాయగడలో మా ఇంట భోజనాల దగ్గర మొదలైన వాదన ఈ రోజుకీ తెగలేదు. మజ్జిగౌరి అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చిన మా చిన్నాన్న విస్తరి ముందు కూర్చుంటూనే, విశాఖపట్నంలో చదువుకుంటున్న మా మేనల్లుణ్ణి పట్టుకుని, "పాత ఇనుప సామాన్ల కొట్టు మీదుగా సుడిగాలి వీస్తే రేకులూ మేకులూ కలిసి విమానం అయిపోతుందా? జీవం దానంతటది పుట్టిందనడం కూడా అటువంటిదే. చేసినవాడు ఒకడు ఉండి తీరాలి" అన్నారు. వాడు ముద్ద కలుపుతూనే, "తాతయ్యా, విమానం దానంతటది తయారవడమే అసంభవమైతే, అటువంటివి కోట్లకొద్దీ చేయగలిగినవాడు ఎవరూ చేయకుండానే ఉన్నాడనడం అంతకంటే అసంభవం కాదా?" అని అడిగాడు. చిన్నాన్న చారు పోయించుకోకుండానే లేచి చేయి కడుక్కున్నారు. అప్పటినుంచి ఇద్దరికీ మాటలు లేవు.

నాకు బాధగా ఉన్నది వాళ్ళు వాదించుకున్నందుకు కాదు. ఇద్దరూ ఒకటే తూనికరాయి వాడారు: ‘అలా జరిగే అవకాశం బహు తక్కువ, కాబట్టి అది నిజం కాదు’ అని. ఆ రాయి సరైనదైతే ఇద్దరి మాటా నిలవాలి, తప్పుడుదైతే ఇద్దరి మాటా పడిపోవాలి. కానీ ఎవరికి వారు తమ వైపు మాత్రమే అది సరిగ్గా తూగిందని అనుకుంటున్నారు. ఈ వాదన అసలు న్యాయమైనదేనా అన్నది తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

జయపురం_గణితం

52 పేక ముక్కలను బాగా కలిపి వరసగా నేల మీద పరచండి. మీ కళ్ళ ముందు ఉన్న ఆ వరసే రావడానికి ఉన్న అవకాశం సుమారుగా 8 పక్కన 67 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక్క వంతు. అంత అరుదైనది మీ చేతుల మీదుగా ఇప్పుడే జరిగింది. ఏదో ఒక వరస రాక తప్పదు కాబట్టి, వచ్చింది అరుదైనదన్న ఒక్క కారణంతో అది రాలేదని అనలేం. నా దృష్టిలో మీ ఇంట్లో ఇద్దరి వాదనా ఇక్కడే ఆగిపోయింది.

పర్లాకిమిడి_శాస్త్రి

గణితం గారి ఉదాహరణ సగం దూరమే వస్తుంది. అదే పేకలో ముక్కలన్నీ ఆసు నుంచి రాజు వరకు, రంగు వెంట రంగుగా వరస తప్పకుండా వచ్చాయనుకోండి. లెక్క ప్రకారం అది కూడా మిగతా వరసలంత అరుదైనదే, అంతకంటే ఎక్కువ కాదు. అయినా కలిపినవాడి చేతుల వైపు అనుమానంగా చూడనివారు ఉండరు.

మన పెద్దలు దీనిని రెండు న్యాయాలుగా చెప్పారు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకే క్షణాన జరిగితే కాకతాళీయం. కొయ్యను తొలిచే పురుగు గీసిన గీత అక్షరంలా కనబడితే ఘుణాక్షరం. పురుగు ఒక ‘ర’ గీసిందంటే ఒప్పుకుంటాం. మా ఇంటి పాత దూలం మీద అటువంటి ‘ర’ ఒకటి ఉంది, చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి దిద్దేవాణ్ణి. కానీ అదే దూలం మీద గణాలూ యతీ తప్పని సీసపద్యం కనబడితే పురుగు గీసిందని ఎవరూ అనరు. కాబట్టి అరుదుతనం ఒక్కటే వాదన కాదన్నంత వరకు నిజం. ఆ అరుదైనదానికి మనం ముందే ఎరిగిన అర్థం ఒకటి ఉన్నప్పుడు మాత్రం అది వాదన అవుతుంది.

జయపురం_గణితం

శాస్త్రి గారి సవరణను ఒప్పుకుంటున్నాను. అయితే సీసపద్యం దగ్గర మనం పురుగును కాదనడానికి, పద్యాలు చెక్కే మనుషులు లోకంలో ఉన్నారని మనకు ముందే తెలిసి ఉండటం కూడా కారణం. పక్కన మరో వివరణ లేనిదే ‘ఇది అసంభవం’ అన్న మాటకు బలం లేదు. ఒక తట్ట మాత్రమే ఉన్న త్రాసుతో ఎవరూ తూచలేరు.

గుణుపురం_రక్తపరీక్ష

ఈ మాట మనుషుల మీద ఎలా పడుతుందో నేను రోజూ చూస్తున్నాను కాబట్టి కొంచెం పొడవుగా రాస్తున్నాను.

పదకొండేళ్ళుగా రక్తపరీక్షలు చేయడమే నా పని. మా వైపు కొండ పల్లెల్లో సికిల్ సెల్ ఎక్కువ, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. మొదటి పరీక్ష చాలా చిన్నది. సన్నని గాజు గొట్టంలో మందు ద్రవం పోసి, అందులో రక్తం చుక్క కలిపి, అయిదు నిమిషాలు ఆగి, నల్ల గీతలున్న తెల్ల అట్ట ముందు నిలబెడతాం. ద్రవం తేటగా ఉండి వెనక గీతలు కనబడితే ఆ దోషం లేదు. బియ్యం కడిగిన నీళ్ళలా మసకబారి గీతలు కనబడకపోతే ఉంది. జబ్బు ఉన్నవారిదీ, పైకి ఆరోగ్యంగా ఉండి దోషాన్ని మోస్తున్నవారిదీ కూడా మసకబారుతుంది. ఎవరు ఏ రకమో తేల్చడానికి మరో పరీక్ష కావాలి.

మూడేళ్ళ క్రితం ఒక తల్లి ముగ్గురు పిల్లలతో, భర్తతో వచ్చింది. అయిదు గొట్టాలు వరసగా పెట్టాను, అయిదూ మసకబారాయి. తర్వాతి పరీక్షలో ముగ్గురు పిల్లలకీ జబ్బే అని, తల్లిదండ్రులిద్దరూ మోస్తున్నవారని తేలింది. ఆ తల్లి వెంట వచ్చిన అత్తగారు నాతో అన్న మాట ఇది: "ఒకరికి వచ్చిందంటే కర్మ అనుకుంటాను బాబూ, ముగ్గురికీ వరసగా ఊరికే వస్తుందా? దీని పుట్టింటి వాళ్ళు ఏదో మొక్కు ఎగ్గొట్టారు." అంటే అక్కడ కూడా వాదన అదే. మామూలుగా ఇలా జరగదు, కాబట్టి వెనక ఎవరిదో తప్పు ఉంది.

నేను అష్టాచెమ్మాకు అరగదీసే చింతపిక్కలు నాలుగు తెచ్చాను. తల్లికి ఒక తెల్లదీ ఒక నల్లదీ, తండ్రికి ఒక తెల్లదీ ఒక నల్లదీ ఇచ్చాను. బిడ్డకు ఇద్దరి దగ్గర నుంచీ ఒక్కొక్క పిక్క వస్తుంది. రెండూ నల్లవి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ప్రతి కాన్పుకీ లెక్క మళ్ళీ మొదటికే వస్తుంది, పెద్దబిడ్డకు వచ్చింది కదా అని రెండో బిడ్డను వదిలిపెట్టదు. ఇటువంటి జంటలు 64 ఉండి, ఒక్కొక్క జంటకు ముగ్గురు పిల్లలు ఉంటే, సుమారు 27 ఇళ్ళలో ఒక్క బిడ్డకు కూడా జబ్బు రాదు, ఒక ఇంట ముగ్గురికీ వస్తుంది. ఆ ఒక్క ఇల్లు ఎవరికీ ఏ అపచారమూ చేయలేదు. నల్ల పిక్క ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు అని చెప్పి, ఆ పెద్దావిడ చేతిలో ఆమె కొడుకు వంతు పిక్కను కూడా పెట్టాను. ఆవిడ చాలాసేపు దానిని చూస్తూ ఉండిపోయింది.

బరంపురం_భ్రమరాంబ

రక్తపరీక్ష గారి మాట చదివాక నాకు అన్నం సహించలేదు. మా పెద్దమ్మకు వరసగా నలుగురు ఆడపిల్లలు పుట్టినప్పుడు ఊరంతా ఇలాగే అంది. నాలుగు కాన్పుల్లోనూ ఆడపిల్లే పుట్టడం పదహారింట ఒకటి, అంటే ప్రతి వీధిలోనూ ఒక ఇంట జరిగేదే. ఆ మాట చెప్పేవారు ఆ రోజుల్లో ఎవరూ లేకపోయారు.

బరంపురం_వకీలు

కోర్టులో కూడా ఇదే జరిగింది. ఇంగ్లండులో శాలీ క్లార్క్ అనే తల్లికి ఇద్దరు పసిబిడ్డలు ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఒకే ఇంట రెండుసార్లు శిశువు హఠాత్తుగా పోవడం 7 కోట్ల 30 లక్షలలో ఒకసారి మాత్రమే జరుగుతుందని ఒక వైద్యుడు సాక్ష్యం చెప్పగా, 1999లో ఆమెకు హత్యానేరం కింద యావజ్జీవ శిక్ష పడింది. ఆ సంఖ్య రావడానికి 8,543ను అదే సంఖ్యతో హెచ్చవేశారు. అంటే రెండు మరణాలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదని ముందే అనుకున్నారు. ఒకే తల్లిదండ్రుల బిడ్డలకు ఒకే లోపం ఉండవచ్చునన్న ఆలోచనే చేయలేదు. పైగా, ఒక తల్లి ఇద్దరు బిడ్డలను చంపడం ఎంత అరుదు అన్న రెండో లెక్కను ఎవరూ పక్కన పెట్టి చూడలేదు. అక్కడి రాజ సంఖ్యాశాస్త్ర సంఘం 2001లో ఆ లెక్క తప్పని బహిరంగంగా చెప్పింది. 2003లో ఆమె విడుదలయ్యారు. గణితం గారు చెప్పిన ఒంటి తట్ట త్రాసు చేయగలిగిన అన్యాయం ఇది.

కొండగాలి_కోరాపుట్

అసలు ప్రశ్నకు వస్తాను. సుడిగాలీ విమానమూ పోలిక ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్‌ది. జీవకణంలో రసాయన చర్యలను నడిపే ఎంజైములు రెండు వేలు ఏకకాలంలో యాదృచ్ఛికంగా కుదరడానికి ఉన్న అవకాశం 1 పక్కన 40,000 సున్నాలున్న సంఖ్యలో ఒక వంతు అని ఆయన లెక్క కట్టారు. ఆయన దీనిని మతం తరఫున చెప్పలేదు, జీవం భూమి మీద కాక అంతరిక్షంలో మొదలై ఇక్కడికి చేరిందని ఆయన వాదన. గుణకారంలో తప్పు లేదు. తప్పు ‘ఏకకాలంలో’ అన్న ఊహలో ఉంది. మీ చిన్నాన్న గారి సుడిగాలి ఒక్కసారే వీస్తుంది, కుదిరినదాన్ని దాచుకోదు. ప్రకృతి వరణం అలా కాదు. పనికివచ్చిన చిన్న మార్పు పిల్లల్లో మిగిలిపోతుంది, తర్వాతి మార్పు దాని మీద మొదలవుతుంది.

అమెరికాలో రిచర్డ్ లెన్‌స్కీ 1988లో ఒకే రకం ఈ.కోలై సూక్ష్మజీవులను 12 సీసాలలో వేరువేరుగా పెంచడం మొదలుపెట్టారు. ప్రాణవాయువు ఉన్నచోట సిట్రేటును (నిమ్మ పులుపు నుంచి వచ్చే పదార్థాన్ని) తినలేకపోవడం ఆ జీవి గుర్తింపు లక్షణాల్లో ఒకటి. సుమారు 31,500 తరాల దగ్గర, పన్నెండింటిలో ఒక్క సీసాలో మాత్రం దాన్ని తినగలిగినవి కనబడ్డాయి. దాచిపెట్టిన పాత తరాలను మళ్ళీ పెంచి చూస్తే, అంతకు ముందెప్పుడో వచ్చిన మరో మార్పు దానికి దారి వేసి ఉంచిందని తేలింది. అసంభవంలా కనబడినది మెట్లుగా విడిపోయింది.

అయితే దీనితో మొదటి జీవకణం ఎలా పుట్టిందో తేలిపోయిందని నేను అనను. అది ఇంకా తెగని ప్రశ్నే. అక్కడ అవకాశం ఎంతో ఎవరి దగ్గరా నికరమైన సంఖ్య లేదు కాబట్టి, ‘చాలా తక్కువ’ అనడానికీ ‘చాలా ఎక్కువ’ అనడానికీ ఆధారం ఒక్కటే, అంటే ఏదీ లేదు.

పర్లాకిమిడి_శాస్త్రి

కొండగాలి గారి ఆఖరి వాక్యమే మేనల్లుడి మాటకు కూడా వర్తిస్తుంది. చేసినవాడు చేయబడినదానికంటే సంక్లిష్టంగా ఉండాలి, కాబట్టి ఇంకా అసంభవం అన్నాడు కదా. అవకాశాన్ని లెక్కించాలంటే భాగాలు ఉండాలి, అవి వేరుగా కూడా అమరి ఉండగలిగే వీలు ఉండాలి. పేకకు 52 ముక్కలున్నాయి కాబట్టి లెక్క వచ్చింది. వేదాంతం చెప్పే బ్రహ్మమేమో నిరవయవం, ముక్కలు లేనిది, ఎప్పుడో ఒకప్పుడు కూర్చబడినది కాదు. దానిని ఒప్పుకోకపోవడం మేనల్లుడి ఇష్టం. కానీ పేక ముక్కల లెక్కను దానికి తగిలించడం కుదరదు.

మునిగుడ_హేతువాది

శాస్త్రి గారంటే నాకు గౌరవం ఉంది. కానీ ఇక్కడ ఒక మాట గట్టిగానే చెప్పాలి. త్రాసులో వేయడానికి వీలుకానిదైతే, అనుకూలంగా కూడా వేయకూడదు. మొక్కు తీరినప్పుడు ‘ఇది ఊరికే జరుగుతుందా’ అని లెక్కలోకి తెచ్చి, తీరనప్పుడు ‘ఆయన లెక్కలకు అతీతుడు’ అనడం సరైన తూకం కాదు. నిరవయవమైన బ్రహ్మం వేరు, ఫలానా రోజున ఫలానా చోట ఫలానా అద్భుతం జరిగిందన్న మాట వేరు. రెండోది లోకంలో జరిగిన సంగతి కాబట్టి, మిగతా సంగతుల్లాగే దానినీ తూచాలి. 1995 సెప్టెంబరు 21న దేశమంతటా వినాయకుడు పాలు తాగాడన్నారు. తీసుకోండి, దాన్ని తూచుదాం.

బరంపురం_భ్రమరాంబ

ఆ రోజు నేను వరసలో నిలబడ్డాను, నాకు పన్నెండేళ్ళు. అమ్మ ఇచ్చిన చెంచాలో పాలు పోసుకుని, రాతి వినాయకుడి తొండానికి ఆనించాను. చెంచాలో పాలు తగ్గడం నా కళ్ళతో చూశాను, అది అబద్ధం కాదు. కానీ విగ్రహం తడిసే ఉంది. పొట్ట మీద, పీఠం మీద సన్నని తెల్లని చార దిగుతూ ఉంది. దాన్ని కూడా చూశాను, ఎవరికీ చెప్పలేదు. తర్వాత ప్రభుత్వ శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి, తలతన్యత (ద్రవం పైపొరలో ఉండే బిగువు) వల్ల పాలు చెంచా నుంచి రాతి మీదికి పాకి పలుచని పొరగా కిందికి జారుతున్నాయని చూపించినప్పుడు, నాకు ఆ తెల్ల చార గుర్తుకు వచ్చింది.

నా భక్తి ఆ రోజుతో పోలేదు. ఇప్పటికీ ప్రతి చవితికీ మట్టి విగ్రహం పెట్టుకుంటాను. పాల మీద ఆధారపడిన భక్తి కాదు నాది, అందుకని పాలు పోయినా అది పోలేదు. హేతువాది గారు తూచమన్నది న్యాయమే.

జయపురం_గణితం

ఈ వాదనకు రెండున్నర శతాబ్దాల పాత చరిత్ర ఉంది. అద్భుతం జరిగిందని చెప్పే సాక్ష్యం అబద్ధమవడం ఆ అద్భుతం కంటే పెద్ద వింత అయితే తప్ప నమ్మరాదని 1748లో స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ రాశారు. అవకాశాల లెక్క మీద థామస్ బేయీస్ రాసిన వ్యాసాన్ని, ఆయన మరణించిన తర్వాత 1763లో లోకానికి అందించిన రిచర్డ్ ప్రైస్ స్వయంగా మతబోధకుడు. ఆయన 1767లో దీనికి బదులు చెప్పారు. లాటరీలో ఫలానా నంబరుకు బహుమతి వచ్చిందని పత్రికలో చదివితే, ఆ నంబరు రావడం ఎంత అరుదైనా మనం నమ్ముతాం కదా అన్నది ఆయన ప్రశ్న. నిజమే. అయితే పత్రికవాళ్ళకు ఆ నంబరునే పొరపాటున వేయడానికి ప్రత్యేక కారణం లేదు కాబట్టి నమ్ముతాం. అద్భుతాల విషయంలో చెప్పేవారికి అలా చూడాలన్న కోరిక ఉంటుంది. కాబట్టి ఇద్దరి మాటలోనూ సత్యం ఉంది. సంగతి ఎంత అరుదు అన్నదానితో పాటు, ఆ సంగతి జరగకపోయినా ఈ మాట మన చెవిన పడే అవకాశం ఎంత అన్నది కూడా అడగాలి.

సింగపూర్‌రోడ్_ప్రయాణికుడు

ఇంతవరకు చదువుతూ ఉండిపోయాను. గణితం గారు అడగమన్న ప్రశ్న నన్ను నేను ఎన్నోసార్లు అడుక్కున్నదే కాబట్టి రాస్తున్నాను.

2017 జనవరి 21 రాత్రి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాయగడ నుంచి విజయనగరం వెళ్ళడానికి నా దగ్గర టికెట్టు ఉంది. సాయంత్రం చంటిపిల్లకు జ్వరం పెరిగింది. మా ఆవిడ వద్దంది. నేను సంచి భుజాన వేసుకుని గడప దాకా వెళ్ళి, పిల్ల ఏడుపు విని, సంచి దించాను. రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో కూనేరు స్టేషను దగ్గర ఆ బండి పట్టాలు తప్పింది. నలభై మంది దాకా చనిపోయారు. ఆ టికెట్టు ఇప్పటికీ నా పెట్టెలో, పెళ్ళి శుభలేఖ కింద ఉంది. అక్షరాలు చాలావరకు చెరిగిపోయాయి.

మా వీధివాళ్ళు మజ్జిగౌరి తల్లే బిడ్డకు జ్వరం ఇచ్చి నన్ను ఆపిందన్నారు. మా తమ్ముడు, ప్రతి బండికీ టికెట్టు తీసుకుని ఎక్కనివాళ్ళు కొందరు ఉంటారు, ప్రమాదం జరిగిన బండికీ ఉన్నారు, నువ్వు వాళ్ళలో ఒకడివి, అంతే అన్నాడు. వాడి లెక్కకు నా దగ్గర జవాబు లేదు. నన్ను ఆపిందని అనుకున్న ప్రతిసారీ, ఆ బండి ఎక్కినవాళ్ళ ఇళ్ళలో పిల్లలకు జ్వరం ఎందుకు రాలేదన్న ప్రశ్న నా గొంతుకు అడ్డం పడుతుంది. కాబట్టి ఇది దేవుడు ఉన్నాడనడానికి రుజువు అని నేను ఎవరితోనూ అనలేదు, అనను కూడా.

కానీ ఏటా జనవరిలో అమ్మవారి గుడికి వెళ్తాను. లెక్క చెప్పడానికి వెళ్ళను. బతికి ఉన్నందుకు ఎవరికో ఒకరికి దణ్ణం పెట్టుకోకుండా నేను ఉండలేను. దానిని అవకాశాల లెక్కతో తప్పని చూపించగలిగినవారు ఉంటే చెప్పండి, కోపం తెచ్చుకోను.

మునిగుడ_హేతువాది

ప్రయాణికుడు గారూ, తప్పని చూపించడానికి అందులో దావా ఏదీ లేదు. మీరు లోకంలో ఏం జరిగిందో చెప్పడం లేదు, మీకు ఏం అనిపిస్తున్నదో చెబుతున్నారు. నా అభ్యంతరమంతా మీ వీధివాళ్ళ మాట మీదనే. ఆ మాట విన్న చనిపోయినవారి బంధువు ఏమనుకోవాలి అన్న ప్రశ్నను నాకంటే ముందు మీరే అడిగారు.

పర్లాకిమిడి_శాస్త్రి

ప్రయాణికుడు గారి మాటకు నేను కూడా చేర్చేది ఏమీ లేదు. హేతువాది గారు ఒంటి తూకం గురించి అన్నదాన్ని ఒప్పుకుంటున్నాను.

ప్రాణహిత_సిరోంచ

మహారాష్ట్ర వైపు నుంచి ఒక మాట. పరిణామాన్ని కాదనేవారు, ఒక జీవి మరొకటిగా మారుతున్న ప్రతి మెట్టుకూ శిలాజం చూపించండి, లేకపోతే అది జరగలేదనే అర్థం అంటారు. మా సిరోంచ తాలూకాలో పోచంపల్లి దగ్గర 1961 ప్రాంతంలో కలకత్తా భారతీయ గణాంక సంస్థ వారు డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. లెక్కల సంస్థ డైనోసార్లను తవ్వడం చాలామందికి కొత్తగా ఉంటుంది కానీ, దాన్ని స్థాపించిన మహలనోబిస్ గారు ఆ సంస్థలో భూగర్భ శాస్త్రానికి కూడా చోటు ఇచ్చారు. ఒక కాలి ఎముకే 1.7 మీటర్లకు మించి ఉంది. టాగోర్ శతజయంతి కాబట్టి దానికి ‘బారాపాసారస్ టాగోరై’ అని పేరు పెట్టారు. ‘బారాపా’ అంటే బెంగాలీలో పెద్ద కాలు. తెలుగు మాట్లాడే పల్లెల చేల కింద అది పడి ఉంది.

చచ్చిన పశువు ఎముకలు మా ఏటి ఒడ్డున ఒక వానకాలం దాటి నిలవవు. కుక్కలూ ఎండా నీరూ కలిసి తినేస్తాయి. ఎముక శిలగా మారాలంటే వెంటనే బురద కప్పాలి, కోట్ల ఏళ్ళు కదలకుండా ఉండాలి, మళ్ళీ పైకి తేలాలి, తేలినప్పుడు చూసేవారు ఉండాలి. అది అంత అరుదైనప్పుడు ఖాళీలు ఉండటమే సహజం. శాస్త్రి గారి తర్కశాస్త్రంలో దీనికి మాట ఉండాలి.

పర్లాకిమిడి_శాస్త్రి

ఉంది, అనుపలబ్ధి. గదిలో కుండ కనబడలేదు కాబట్టి కుండ లేదని చెప్పవచ్చు, అయితే ఉంటే కనబడి ఉండేది అన్నచోట మాత్రమే. చీకటి గదిలో కనబడలేదంటే కుండ లేదని అర్థం కాదు. సిరోంచ గారి ఏటి ఒడ్డు చీకటి గది వంటిది.

కొండగాలి_కోరాపుట్

అసంభవమన్న మాట విజ్ఞానం తనలో తాను కూడా వాడుకుంది, కొన్నిసార్లు తప్పుగా. ఖండాలు కదులుతున్నాయని 1912లో జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ చెబితే, కదిలించే బలం ఏదని చాలామంది కొట్టిపారేశారు. ఆయన 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయారు. సముద్రపు అడుగు నుంచి సాక్ష్యాలు వచ్చి 1960లలో గానీ ఆ మాట నిలవలేదు. మా కొండల్లోని ఖొండలైటు రాయికి ఆ పేరు ఇక్కడి కోందు గిరిజనుల వల్లనే వచ్చింది. పూరీ జగన్నాథుడి గుడిలోనూ కోణార్కలోనూ ఉన్నది ఆ రాయే. ఈ తూర్పు కనుమలకు జోడీ అయిన శిలలు తూర్పు అంటార్కిటికాలో ఉన్నాయి, ఒకప్పుడు రెండూ ఒకే నేల. రాయగడ కొండ మీద నిలబడి ఆ మాట వింటే ఎవరికైనా అసంభవంగానే తోస్తుంది.

మునిగుడ_హేతువాది

రెండో వైపు కూడా చెప్పాలి. 2011లో ఇటలీలోని ఒక ప్రయోగంలో న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందుగా చేరాయని లెక్క వచ్చింది. భౌతిక శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది నమ్మలేదు. ఇన్నేళ్ళ కొలతలన్నీ తప్పవడం కంటే ఈ ఒక్క కొలతలో తప్పు ఉండటమే ఎక్కువ వీలని అన్నారు. చివరికి సరిగా బిగించని తీగ ఒకటి ప్రధాన కారణమని తేలింది. ఇక్కడ అసంభవం అన్న వాదన న్యాయంగా పనిచేసింది. ఎందుకంటే ఆ మాట అని ఊరుకోలేదు, వెళ్ళి తీగలు తడిమి చూశారు.

పర్లాకిమిడి_శాస్త్రి

అసంభవమే సాక్ష్యమైన సందర్భం కూడా ఒకటి ఉంది. 1913లో రామానుజన్ పంపిన సూత్రాలను చూసి ఇంగ్లండు గణితవేత్త హార్డీ, ఇవి నిజమై ఉండాలి, నిజం కాకపోతే వీటిని కల్పించగలిగే ఊహ ఎవరికీ ఉండదు అన్నారు. ఆ సూత్రాలు తన ఇంటి దేవత నామగిరి తాయారు చెప్పిందని రామానుజన్ నమ్మకం, హార్డీకి దైవం మీద నమ్మకమే లేదు. ఇద్దరూ కలిసి పనిచేయగలిగారు. అయితే ప్రధాన సంఖ్యల మీద ఆ ఉత్తరాల్లోని కొన్ని మాటలు తప్పని తర్వాత తేలింది. అమ్మవారి పేరు చెప్పినా, హార్డీ ఆశ్చర్యపోయినా, ఉపపత్తి, అంటే రుజువు, అడగక తప్పలేదు.

నాగావళి_ఒడ్డు

అందరి మాటలూ అచ్చు వేయించి నిన్న రాత్రి చిన్నాన్న మంచం దగ్గర పెట్టాను. ఈ ఉదయం మేనల్లుణ్ణి పిలిచి, "సుడిగాలి ఒక్కసారి వీయడమూ, కుదిరినది నిలబడుతూ పోవడమూ ఒకటి కాదని ఒప్పుకుంటున్నాను. మరి మొదటి కణం దగ్గర నీ దగ్గర కూడా సంఖ్య లేదట కదా" అన్నారు. వాడు లేదన్నాడు. "నా దేవుడి దగ్గర?" అంటే అక్కడా లేదన్నాడు. ఇప్పుడు వరండాలో కూర్చుని ఆ 64 ఇళ్ళ లెక్కను చింతపిక్కలతో వేసి చూస్తున్నారు. చిన్నాన్నకు మాత్రం ఒక అనుమానం మిగిలింది, గణితం గారే చెప్పాలి. పిక్కకు జ్ఞాపకం లేకపోతే, వెయ్యిసార్లు వేసేసరికి నాలుగింట ఒకటికి దగ్గరగా రమ్మని వాటికి చెప్పేది ఎవరు అంటున్నారు.

జయపురం_గణితం

చాలా మంచి ప్రశ్న. మొదట వచ్చిన తేడాను పిక్కలు తర్వాత సరిచేయవు. ఆ తేడా అలాగే ఉంటుంది, వేసినవి పెరిగేకొద్దీ వెయ్యిలో దాని వంతు చిన్నదైపోతుంది. ఇక పిక్కకు రెండే ముఖాలు ఎందుకు ఉండాలి, లోకం లెక్కకు ఎందుకు ఒదగాలి అని చిన్నాన్న గారు అడిగితే, దానికి నా దగ్గర జవాబు లేదు.

బరంపురం_భ్రమరాంబ

రక్తపరీక్ష గారూ, ఆ తల్లి ఇప్పుడు ఎలా ఉంది?

గుణుపురం_రక్తపరీక్ష

పిల్లలు ముగ్గురూ మందులు వాడుతున్నారు. పెద్దవాడు తరచూ నొప్పులతో బడి మానేస్తున్నాడు. రెండు నెలల క్రితం వాళ్ళ అత్తగారే తన చిన్న కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది, సంబంధం కుదిరే ముందు పరీక్ష చేయమని. గొట్టాన్ని అట్ట ముందు పెట్టాను. వెనక గీతలు స్పష్టంగా కనబడ్డాయి. ఆవిడ నన్ను జరగమని, తానే వంగి, వేలు పెట్టి ఒక్కొక్క గీతా లెక్కపెట్టుకుంది. తర్వాత, పిల్ల తరఫు వాళ్ళను కూడా పరీక్షకు రమ్మని చెప్పవచ్చా అని అడిగింది. చెప్పమన్నాను.